సింగపూరు: వచ్చిపోవు సరకు, నిలుచు సంపద

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాసము)



గ్రంథాలయమునకు వచ్చి వార్తాపత్రిక తిరుగవేయువారికి 'ఆర్థికాభివృద్ధి రేటు' అను మాట నిత్యపరిచితము. గడచిన మూడు మాసములలో ఫలానా దేశపు ఉత్పత్తి నూటికి ఇంత పెరిగినదని ఒకనాడును, ఇంత తగ్గినదని మరియొకనాడును అచ్చగుచుండును. ఆ అంకె దేనిని కొలుచుచున్నది, అందులో ఎంతభాగము ఆ దేశపు ప్రజల ఇండ్లకు చేరుచున్నది, చేరినదానిలో ఎంత నిలుచుచున్నది యను ప్రశ్నలు మాత్రము చదువరికి మిగిలిపోవును. ఈ ప్రశ్నలకు సమాధానము వెదకగోరువారు సింగపూరు ద్వీపము కథను తెలిసికొనుట మేలు. ఏలయన, ఆ ద్వీపమున పండు పంట లేదు. త్రవ్వి తీయదగిన గని లేదు. త్రాగుటకు చాలినంత నీరు సైతము లేదు. తినెడి తిండిలో నూటికి తొంబది పాళ్లకు మించి బయటినుండి రావలసినదే. ఆ దేశము పరుల సరకుమీద, పరుల కొనుగోలుమీద బ్రతుకుచున్నది. అట్టి దేశము 1965లో స్వతంత్రమైన నాడు తలసరి ఆదాయము సుమారు 500 అమెరికా డాలర్లు. ఇటీవలి సంవత్సరములలో అది 80 వేల డాలర్లను దాటినది. ఇది ఎట్లు సాధ్యమయ్యెను? దీనికై చెల్లించిన వెల ఏమి? ఇదియే నేటి ప్రసంగ విషయము.

మొదట ఆ చోటు మహిమను తెలిసికొనవలెను. హిందూమహాసముద్రమునుండి చీనాసముద్రమునకు పోవు ఓడలకు మలక్కా జలసంధి దగ్గరి దారి. ఆ జలసంధి దక్షిణపు కొసయందు సింగపూరు ఉన్నది. తెరచాపల కాలమున ఓడలు ఒక ఋతుపవనముతో వచ్చి, మరియొక పవనము మరలువరకు ఎక్కడనో ఆగవలసియుండెను. పడమటినుండి వచ్చిన వర్తకుడును, తూర్పునుండి వచ్చిన వర్తకుడును కలిసికొని సరకులు మార్చుకొనుటకు అది సహజమైన సంతచోటు. 1819లో ఈస్టిండియా కంపెనీవారి ఉద్యోగి స్టాంఫర్డు రాఫిల్సు అక్కడ దిగి, స్థానిక మలయా ప్రభువులతో ఒడంబడిక చేసికొని, కంపెనీ స్థావరము నెలకొల్పెను. నాడు ఆ ద్వీపమున ఉన్న జనము సుమారు వేయిమంది. అయిదేండ్లకు పదివేలు దాటిరి. వారి నాకర్షించినది ఒక్కటే నియమము: ఏ దేశపు ఓడయైనను రావచ్చును, సరకుమీద సుంకము లేదు.

ఈ నీతి పాశ్చాత్యులు కనిపెట్టినదని తలపరాదు. పరదేశపు సరకును అనుగ్రహము చూపి రప్పింపవలెననియు, నావికులకును సార్థవాహులకును పన్ను మినహాయింపు నీయవలెననియు కౌటిల్యుడు అర్థశాస్త్రమున విధించెను. లాభాపేక్షతో దూరమునుండి వచ్చిన వర్తకులవద్ద న్యాయమైన సుంకమే పుచ్చుకొనుచున్నారా యని నారదుడు ధర్మరాజును సభాపర్వమున ప్రశ్నించెను. తెలుగునాట కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనము ఇందుకు శిలాసాక్ష్యము. పూర్వపు రాజులు గాలివానకు చెదరి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును అపహరించెడివారనియు, తాను నిర్ణీతమైన సుంకము తప్ప మరేమియు పుచ్చుకొననియు ఆ చక్రవర్తి విదేశ వర్తకులకు అభయమిచ్చెను. ఆముక్తమాల్యదయందు కృష్ణదేవరాయలు చెప్పిన రాజనీతిలోను రేవులను బాగుచేసి విదేశ వర్తకమును పెంపొందింపవలెనను బోధ కలదు. వర్తకుడు భయము లేని చోటికి వచ్చుననుట మూడు కాలములయందును సత్యము. మోటుపల్లి వైభవము గతించినది. సింగపూరు వైభవము నిలిచినది. రేవు నెలకొల్పుట ఒక విద్య, దానిని తరతరములు నిలుపుకొనుట మరియొక విద్య.

సుంకము లేని రేవునకు ప్రభుత్వాదాయమెక్కడిది యని లెక్క తెలిసినవారు అడుగుదురు. నల్లమందు, సారా మొదలగువానిని అమ్ము హక్కును గుత్తకిచ్చి ఆ సొమ్ముతో పరిపాలన సాగించిరి. భారతభూమిని పండిన నల్లమందును చీనానుండి వచ్చిన కూలివాడు అలసట మరచుటకై పీల్చెను. అతని వ్యసనమే ఖజానాకు ఆధారమయ్యెను. 1867 వరకు ఆ ద్వీపము భారత ప్రభుత్వము క్రిందనే యుండెను. భారతదేశమునుండి ద్వీపాంతరశిక్షపై పంపబడిన ఖైదీలు అక్కడ బాటలు వేసిరి, బురదనేలలు పూడ్చిరి, పెద్ద కట్టడములు కట్టిరి. సుంకములేని వర్తకము అను శుభ్రమైన మాట వెనుక ఇంత కష్టము దాగియున్నది.

1869లో సూయజు కాలువ తెరవబడినది. పొగయోడలు పెరిగినవి. మలయాదేశపు తగరము, తరువాత రబ్బరు ప్రపంచమునకు కావలసివచ్చినవి. ఇవన్నియు సింగపూరు రేవుననే ఎక్కినవి. అయినను ఈ వర్తకములో ఒక బలహీనత యుండెను. సరకు ఇతరులది, కొనుగోలు ఇతరులది. మధ్యనున్నవానికి దక్కునది దళారీ రుసుమును, గిడ్డంగి అద్దెయును, కూలియును మాత్రమే. సరకుగలవాడు తన రేవు తాను కట్టుకొన్ననాడు మధ్యవానికి పనిలేదు. 1942 ఫిబ్రవరిలో జపాను సేనలు ద్వీపమును పట్టుకొనగా, ఓడలు రాని రేవు ఎట్లుండునో ప్రజలు మూడున్నర సంవత్సరములు ఆకలితో తెలిసికొనిరి.

1959లో స్వపరిపాలన వచ్చునప్పటికి జనము వేగముగా పెరుగుచుండెను, పనులు పెరుగుటలేదు. అప్పుడు ఐక్యరాజ్యసమితి పంపిన బృందమునకు నాయకుడుగా డచ్చి ఆర్థికవేత్త ఆల్బర్టు విన్సీమియసు 1960లో వచ్చెను. కేవలము వర్తకముతో ఈ జనమునకు కూడు దొరకదనియు, పరిశ్రమలు పెట్టవలెననియు ఆయన సలహా నిచ్చెను. 1961లో ఆర్థికాభివృద్ధి మండలి ఏర్పడినది. ఆర్థికమంత్రి గో కెంగ్ స్వీ జురాంగు అను బురదనేలను పూడ్చి పారిశ్రామిక వాడ కట్టించుటకు పూనుకొనగా, జనులు దానిని 'గోగారి వెఱ్ఱి' యని పరిహసించిరి.

ఆ పరిశ్రమల సరకునకు మలయా విశాలమైన విపణి యగునని నాయకుల ఆశ. 1963లో సింగపూరు మలేషియాలో చేరినది. రెండేండ్లు గడువకముందే రాజకీయ వైరములవలన 1965 ఆగస్టు 9న విడిపోవలసివచ్చినది. ఇంకొకవైపు ఇండోనేషియా మలేషియాపై విరోధము ప్రకటించి 1963–66 మధ్య వర్తకమును నిలిపివేసినది. ఇవి చాలవన్నట్లు, 1971 నాటికి తమ సైనిక స్థావరములను ఎత్తివేయుదుమని బ్రిటిషు ప్రభుత్వము 1968 జనవరిలో ప్రకటించినది. ద్వీపపు మొత్తము ఉత్పత్తిలో సుమారు అయిదవ వంతు ఆ స్థావరముల ఖర్చుమీదనే ఆధారపడియుండెను. ఒక్క ఆసామి ఊడిగముమీద ఊరిలో అయిదవ వంతు బ్రతుకుచుండగా, ఆ ఆసామి ఇల్లు తాళమువేసి పోయినట్లైనది.

ఆనాడు క్రొత్తగా స్వతంత్రములైన దేశములలో పెక్కింటి ఆర్థికనీతి వేరు. విదేశపు సరకుమీద భారీ సుంకము వేసి, స్వదేశమునందే అన్నియు తయారుచేసికొనవలెననుట వాని మతము. విదేశ సంస్థలు వచ్చిన మరల పారతంత్ర్యము వచ్చునను భయము ఉండెను. ఆ భయమునకు చరిత్రలో కారణము లేకపోలేదు. ఇరువది లక్షలైనను లేని జనముతో సింగపూరునకు ఆ మార్గము పొసగదు. కావున వారు పొరుగు విపణి పోయినచో దూరపు విపణి చూచుకొందమని, అమెరికా, ఐరోపా, జపాను సంస్థలను ఆహ్వానించిరి. 1968 మొదలుకొని ఎలక్ట్రానిక్సు సంస్థలు వచ్చినవి. బ్రిటిషువారు విడిచిపోయిన నౌకాదళపు రేవుకొట్టమును ఓడలు బాగుచేయు పనిశాలగా మార్చిరి. చమురుశుద్ధి కర్మాగారములు వెలసినవి. సరకును పెద్ద ఇనుపపెట్టెలలో పెట్టి పంపు పద్ధతి క్రొత్తగా వచ్చినప్పుడు, అది నిలుచునో నిలువదో యని ఇతరులు సంశయించుచుండగనే రేవు కట్టిరి. 1972 జూనులో మొదటి కంటెయినరు ఓడ అచ్చట ఆగినది. 2024లో ఆ రేవున ఎక్కించి దింపిన పెట్టెలు, ఇరువది అడుగుల కొలతలో, 4 కోట్లు దాటినవి. వానిలో అత్యధికభాగము ఒక ఓడనుండి దిగి మరియొక ఓడ ఎక్కిపోవునవే.

ఇచ్చట కొంచెము ఆగి, లెక్కను జాగ్రత్తగా చూడవలెను. సింగపూరు ఎగుమతి దిగుమతుల మొత్తము ఆ దేశపు ఉత్పత్తికి మూడు రెట్లను మించియుండుట కలదు. వినినవారికి ఇది వింతగా తోచును. ఉత్పత్తి చేసినదానికంటె మూడురెట్లు అమ్ముట, కొనుట ఎట్లు కుదురును?

ఉదాహరణము చూడుడు. ఒక వర్తకుడు 900 రూపాయల కొబ్బరి కొని, ఏరి, ఎండబెట్టించి, సంచులకెత్తించి, 1000 రూపాయలకు పైఊరికి పంపెననుకొనుడు. కొనుగోలు 900, అమ్మకము 1000. రెండును కలిపిన వ్యాపారపు మొత్తము 1900. కాని ఆ ఊరు క్రొత్తగా సృష్టించిన విలువ 100 రూపాయలు మాత్రమే. కూలివాని కూలి, బండి బాడుగ, గిడ్డంగి అద్దె, వర్తకుని లాభము అన్నియు ఆ 100లోనివే. ఆర్థికవేత్తలు దేశోత్పత్తి యని కొలుచునది ఈ 100 రూపాయలను. వ్యాపారమో, దానికి పందొమ్మిది రెట్లు! కావున రేవులో కదలిన సరకు విలువను చూచి ఊరు ధనవంతమైనదని తలచుట, కాలువలో పారిన నీటిని చూచి చేను తడిసినదని తలచుటవంటిది. కాలువ నీటిలో చేనికి ఎంత మళ్లినది యన్నదే లెక్క.

ఇదే ఉదాహరణమున మరియొక సత్యము కలదు. పైఊరివారు ఇచ్చు ధర 1000 గానే యుండగా, కొబ్బరి కొనుగోలు ధర 900 నుండి 950 అయినదనుకొనుడు. ధర పెరిగినది ఇంచుమించు నూటికి ఆరుపాళ్లు. ఊరికి మిగులునది సగమునకు సగము పడిపోయినది. పరులమధ్య నిలిచి బ్రతుకువానికి కలిగెడి ప్రమాదమిదియే. ఇరువైపుల చిన్న కదలిక అతనికి పెద్ద కుదుపు.

సింగపూరువారు చేసిన పని ఏమనగా, ఈ 100 రూపాయలను క్రమముగా పెంచుకొనుట. ముడిచమురు కొని దానినే మరల అమ్మక, శుద్ధిచేసి పెట్రోలుగా, రసాయనములుగా అమ్మిరి. విడిభాగములు తెప్పించి యంత్రములుగా కూర్చిరి. తరువాత కూర్చుటకంటె ఎక్కువ నేర్పుగల పనులకు పోయిరి. ఓడలు బాగుచేయుట, ఓడలకు ఇంధనము నింపుట, సరకునకు బీమా, వర్తకమునకు అప్పు, వివాదమునకు తీర్పు, ఇట్లు రేవు చుట్టును ఎన్ని కొలువులు కలవో అన్నింటిని తమ యొద్దకు రప్పించుకొనిరి. 1966–73 మధ్య ఉత్పత్తి ఏటేట సగటున నూటికి పదిపాళ్లకు మించి పెరిగినది. పని లేనివారికి పని దొరకినది.

అయితే పెరుగుదల సరళరేఖవలె సాగలేదు. 1985లో అమెరికాలో ఎలక్ట్రానిక్సు గిరాకి సన్నగిల్లినది. చమురు, నౌకల పనులు మందగించినవి. ఇంటిలో కూలిధరలు అంతకుముందే బాగుగ పెరిగియుండెను. స్వతంత్రమైన తరువాత మొదటిసారి ఆ ఏడాది ఉత్పత్తి తగ్గినది. 1998లో ఆసియా దేశముల ద్రవ్యసంక్షోభమువలనను, 2001లో మరల ఎలక్ట్రానిక్సు మాంద్యమువలనను తగ్గినది. 2008–09లో అమెరికా బ్యాంకులు కూలగా ఆ దెబ్బ ఆసియాలో మొట్టమొదట తగిలినవారిలో సింగపూరువారొకరు. మరుసటి యేడు 2010లో ఉత్పత్తి నూటికి 14 పాళ్లకు మించి లేచినది. 2020లో మహమ్మారి కాలమున నూటికి నాలుగుపాళ్ల మేర పడినది, 2021లో మరల లేచినది. ఇట్లు లేచుటలోను పడుటలోను ఆ ప్రజల శ్రమ హెచ్చుతగ్గులకంటె పరదేశముల కోరిక హెచ్చుతగ్గులే ఎక్కువ. అమెరికాతో స్వేచ్ఛావర్తక సంధి 2004 మొదలు అమలులో నుండినను, 2025 ఏప్రిలులో అమెరికా ప్రభుత్వము సింగపూరు సరకుమీదను నూటికి పదిపాళ్ల సుంకము విధించినది. సంధిపత్రము సైతము ఎదుటివాని మనస్సును కట్టివేయజాలదు.

ఇట్టి నిలుకడలేని ఆదాయమును నమ్ముకొన్న గృహస్థు ఏమి చేయవలెను? మంచి యేట గాదె నింపుకొనవలెను. సింగపూరు కథలో ఓడలకంటెను, యంత్రములకంటెను గ్రహింపదగిన భాగమిది.

గాదెలలో మొదటిది ప్రజల పొదుపు. 1955లో బ్రిటిషువారి కాలముననే కేంద్ర ప్రావిడెంటు ఫండు ఏర్పడినది. పనివాని జీతములో కొంతయు, యజమాని ఇచ్చునది కొంతయు నిర్బంధముగా అందు జమయగును. 1984 నాటికి ఇద్దరి వాటాయు కలిపి జీతములో నూటికి ఏబదిపాళ్లకు చేరినది. 1985 దెబ్బ తగిలినప్పుడు యజమాని వాటాను 25 నుండి 10కి తగ్గించిరి. అనగా, పనివాడు కూలి కోల్పోకుండుటకై తన ముదిమికి దాచుకొను దానిలో కొంత వదలుకొనెను. ఇది నొప్పిలేని ఉపాయమని చెప్పరాదు. కాని వదలుకొనుటకు ఏదో యొకటి ముందుగా ఉండుటవలననే అది సాధ్యమయ్యెను.

రెండవది ఇల్లు. 1960లో గృహనిర్మాణ మండలి ఏర్పడినది. 1961 మేనెలలో బుకిత్ హో స్వీ అను పూరిగుడిసెల పేట కాలిపోయి వేలమంది నిలువనీడ లేనివారైరి. మండలివారు మొదటి అయిదేండ్లలో ఏబదివేలకు మించిన ఇండ్లు కట్టిరి. 1968 మొదలు ప్రావిడెంటు ఫండు సొమ్ముతోనే ఇల్లు కొనుక్కొనుటకు అనుమతించిరి. ఇప్పుడు ఆ దేశ నివాసులలో నూటికి డెబ్బదియైదుగురికి మించి మండలి ఇండ్లలోనే యున్నారు, అందు అత్యధికులు సొంతదారులు. ఆ సొంతము తొంబదితొమ్మిదేండ్ల కౌలు హక్కు మాత్రమే యని కూడ చెప్పవలెను. గడువు తీరిన ఇంటి విలువ యేమగునను చింత అక్కడి వృద్ధులలో లేకపోలేదు.

మూడవది నీరు. 1961, 1962 ఒడంబడికలవలన పొరుగు జొహోరు రాజ్యమునుండి గొట్టములద్వారా నీరు తెచ్చుకొనిరి. మొదటి ఒడంబడిక గడువు 2011లో తీరినది. రెండవది 2061 వరకు కలదు. పొరుగువాని దయ గడువు కలదని ముందే గుర్తించి, వాననీటిని నిలువచేయు జలాశయములు కట్టిరి. 2003 మొదలు వాడిననీటిని శుద్ధిచేసి మరల వాడుచున్నారు. 2005 మొదలు సముద్రజలమునుండి ఉప్పు తొలగించుచున్నారు.

నాలుగవది ఖజానా నిలువ. మంచి సంవత్సరములలో మిగిలిన సొమ్మును ప్రభుత్వము విదేశములలో మదుపు పెట్టినది. ఏ ప్రభుత్వమైనను వచ్చి పూర్వుల నిలువను ఊడ్చివేయకుండుటకై 1991లో రాజ్యాంగమును సవరించి, ప్రజలెన్నుకొన్న అధ్యక్షుని అనుమతి లేక ముట్టరాదని నియమించిరి. నిలువమీద దీర్ఘకాలమున రాదగిన రాబడిలో సగమునకు మించక ఏటి ఖర్చునకు వాడవచ్చును. మిగిలినది అసలులో చేరవలెను. ఆదాయములో సగముతోనో, పాతికతోనో, ముప్పాతికతోనో వ్యయమును సరిపెట్టుచున్నావా యని నారదుడు ధర్మరాజు నడిగిన ప్రశ్న ఇచ్చట జ్ఞప్తికి రాకమానదు. 2009లో మొట్టమొదటిసారి ఆ నిలువనుండి తీసి, పనివారిని తొలగింపకుండుటకై యజమానులకు సాయముచేసిరి. 2011లో ఆ సొమ్మును తిరిగి నిలువలో వేసిరి. విత్తనపు గింజలు తినవలసివచ్చినప్పుడు తిని, పంట రాగానే తిరిగి పోసినవాడే రైతు.

ఇంతవరకు జమ పక్షము. ఖర్చు పక్షము చెప్పకున్న లెక్క చెల్లదు.

1994లో అమెరికా ఆర్థికవేత్త పాల్ క్రుగ్‌మన్ ఒక ప్రసిద్ధ వ్యాసమున ఆసియా దేశముల అద్భుతమును ప్రశ్నించెను. 1966–90 మధ్య సింగపూరు జనములో పనిచేయువారు నూటికి 27 నుండి 51కి పెరిగిరి. ఉత్పత్తిలో మదుపునకు పోవునది నూటికి 11 నుండి 40కి పైగా పెరిగినది. ఇంటిలో ఇద్దరు పనికి పోవుచుండగా నలుగురు పోయిన రాబడి పెరుగును, అందులో అద్భుతమేమి యని ఆయన భావము. నలుగురును పోయిన తరువాత అయిదవవాడు లేడు గదా! ఈ విమర్శలో సత్యాంశము చాల కలదు. ఆ తరమువారు తిండి తగ్గించి, గంటలు పెంచి, పొదుపు హెచ్చించి చేసిన త్యాగమే అభివృద్ధిగా అంకెలకెక్కెను. అట్టి త్యాగము ఒక జాతి ఒక్కసారియే చేయగలదు. తరువాత నేర్పు పెరిగిననే రాబడి పెరుగును.

రెండవ ఖర్చు స్వాతంత్ర్యమునకు సంబంధించినది. 1959 మొదలు ఒకే పక్షము ప్రభుత్వము నడుపుచున్నది. కార్మిక సంఘములు, పత్రికలు, ప్రతిపక్షములు గట్టి కట్టుబాట్లకు లోబడినవి. క్రమశిక్షణవలననే విదేశ సంస్థలు వచ్చెనని అక్కడి పాలకులు సమర్థించుకొందురు. లంచము నణచుటయు, న్యాయస్థానములలో వర్తక వివాదములు త్వరగా తీరుటయు వారి సుగుణములనుట నిజము. కాని ప్రశ్నించు నోటిని కట్టుట సంపదకు తప్పనిసరి యని చరిత్ర ఎక్కడను నిరూపింపలేదు.

మూడవ ఖర్చు రాబోవు తరమునది. 2023లో అక్కడ స్త్రీ యొక్కతెకు సగటు సంతానము ఒకటికంటెను తక్కువైనది. గాదెలు నిండిన ఇంట ఊయల ఖాళీయైనది.

నాలుగవది ఇతర దేశముల కూలివారిది. ఇందు తెలుగువారికి నేరుగ సంబంధము కలదు. 2024లో ఆ దేశపు జనము సుమారు 60 లక్షలు. వారిలో 18 లక్షలకు మించినవారు పౌరులుగాని శాశ్వత నివాసులుగాని కారు. కొందరు పెద్ద చదువులు చదివి కంప్యూటరు, బ్యాంకు ఉద్యోగములలో నున్నవారు. పెక్కుమంది భవనములు కట్టువారు, ఓడలు బాగుచేయువారు, ఇండ్లలో పనిచేయువారు. భారతదేశమునుండి పోయిన ఈ పనివారిలో తమిళులతోబాటు తెలుగువారును కలరు. పోవుటకు ముందే దళారికి చెల్లించుటకై పొలమో నగలో కుదువబెట్టినవారు అందులో ఉందురు. వారి అనుమతిపత్రము యజమానితో ముడివడియుండును. పని పోయిన ఇంటిదారి పట్టవలసినదే. 2020లో మహమ్మారి ప్రబలినప్పుడు, సుమారు 3 లక్షలమంది కూలివారు ఇరుకు వసతిగృహములలో నుండుటవలన ఆ దేశమున రోగులైనవారిలో అత్యధికులు వారే యైరి. ప్రభుత్వము వారికి వైద్యము చేయించినది, జీతములిప్పించినది. అయినను నెలల తరబడి వారు బయట అడుగుపెట్టజాలక, గదులలోనే యుండవలసివచ్చినది. ఆ సంవత్సరము ఉత్పత్తి నూటికి నాలుగుపాళ్లు తగ్గినదని పత్రికలలో పడినది. ఆ నాలుగు పాళ్లలో ఒక తెలుగు పల్లెలో వడ్డీ పెరిగిన తాకట్టు చీటి చేరదు. అంకెలో చేరనిదంతయు లేనిదనుకొనుట లెక్క నేర్చినవాడు చేయగూడని తప్పు.

సింగపూరు చేసినదానిని యథాతథముగా అనుకరించిన చాలునని చెప్పువారు కలరు. అది పొరపాటు. అది పల్లెలులేని దేశము, రైతులేని దేశము. ఒక్క నగరమే రాజ్యము. కోట్లమంది భూమిని దున్ని బ్రతుకు దేశమునకు ఆ కొలత సరిపోదు. కాని లెక్క చూచుకొను పద్ధతి ఎవరికైనను ఒక్కటే. పత్రికలో అభివృద్ధి అంకె కనబడినప్పుడు చదువరి నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను. ఇందులో వచ్చిపోయినదెంత, నిలిచినదెంత? నిలిచినది ఎవరి చేత నిలిచినది? చెడ్డయేటికై దాచినదెంత? ఈ అంకెకెక్కని కష్టమెవరిది? ఈ నాలుగింటికి జవాబు దొరకనిచో ఆ అంకెవలన సంతోషించుటకుగాని విచారించుటకుగాని ఇంకను వేళ కాలేదని తెలియవలెను.

ఈ ప్రశ్నలకు జవాబులు ఒక్క దినపత్రికలో దొరకవు. చరిత్ర, భూగోళము, అర్థశాస్త్రము కలిపి చదువవలెను. పాత పుస్తకమును క్రొత్త వార్తను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. అందులకు అనువైన చోటు గ్రంథాలయము. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయపు బల్లలమీద ఎన్నియో పుస్తకములు వచ్చిపోయినవి. పుస్తకమును చదివి తిరిగి ఇచ్చివేయుదురు. చదివినవాని బుద్ధిలో నిలిచినదే ఊరికి సంపద. ఆ నిలువ ఏటేట పెరుగుగాక. విదేశమునకు పోదలచిన యువకులు పోవుటకు ముందు ఇచ్చట కూర్చుండి, పోవు దేశమును గూర్చి, చేయు సంతకమును గూర్చి చదివి తెలిసికొని పోవుదురుగాక.

స్వస్తి.